కుప్ప మీద చెయ్యి

మా అమ్మ ఆ రోజు చేసింది తప్పేనని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అననీ. చదువుకున్నవాళ్ళు, పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, నా మంచి కోరేవాళ్ళు కూడా "పాపం, ఆవిడకి తెలీక అలా చేసింది" అని జాలి పడతారు. తెలీక చేసిందేం లేదు. మా అమ్మ తెలిసే చేసింది. తెలియనట్టు నటించింది మిగతావాళ్ళు.

2017 వేసవి. వేట నిషేధం రోజులు. శ్రీకూర్మం దాటి ఇసక దారిలో ఇంకాస్త ముందుకి పోతే వచ్చే మా పేటలో ఇంజను బోట్లన్నీ ఒడ్డెక్కేశాయి. మా నాన్న దాలయ్య పొద్దంతా పాకలో కూర్చుని వల బాగు చేసుకునేవాడు. అమ్మ జగ్గమ్మ గంపనిండా ఎండుచేపలేసుకుని ఊళ్ళు తిరిగేది. నేను రాజాం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సులో పీహెచ్‌డీ చేస్తున్నాను. పేరు దేవి. ఇంట్లో మాత్రం అమ్మడినే. ఆ మే నెలలో మా లేబ్‌లో ఏసీ పాడైపోయింది. గది వేడెక్కితే లేజరు మాట వినదు కాబట్టి, బాగయ్యేదాకా ఇంటికి పొమ్మన్నారు. వచ్చాను.

వాకిట్లో నెత్తళ్ళ చేపలు ఎండబోస్తూ అమ్మ అడిగింది.

"ఆ గదిలో తలుపులేసుకుని రోజంతా ఏటి సేస్తావే నువ్వు?"

ఇలాంటి ప్రశ్నకి నేను కాలేజీలో ఎవరికీ సరిగా జవాబు చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. అమ్మకి చెప్పాలనిపించింది.

"ఒక నల్లటి పలుకుంటాదమ్మా. టంగ్‌స్టనూ గంధకమూ కలిసింది. దానికి టేపంటించి పీకుతాను. ఆ టేపుకి మల్లీ టేపంటించి పీకుతాను. అలగ పీకగా పీకగా ఒక్క పొర మిగుల్తాది. ఆ పలుకుని అంతకన్నా పల్చగా సెయ్యలేం."

"మరి దాంతో ఏటి పని?"

"దాని మీద లేజరు ఎలుగు కొడతాను. లోపలున్న ఎలక్ట్రానొకటి లేసి గెంతుతాది. అది లేసిన కాడ ఖాళీ మిగుల్తాది. గెంతినదేమో ఆ ఖాళీని ఒగ్గలేక దాని సుట్టూరే తిరుగుతాది. ఆ జంటని ఎక్సిటాన్ అంటారు."

"ఎంతసేపు తిరుగుతాది?"

"నువ్వు రెప్ప మూసి తెరిసేలోగా అలాటియి కోట్లసార్లు పుట్టి సచ్చిపోవచ్చు."

అమ్మ చేస్తున్న పని ఆపి నా వైపు చూసింది. నమ్మలేదని కాదు. అంత చిన్న బతుకుని ఎవరు, ఎలా చూడగలరని ఆవిడ సందేహం. అదే అడిగింది.

"రెండు ఎలుగులు పంపుతాను. మొదటిది తిన్నగా ఎల్లి కొడతాది. రెండోదాన్ని కాసింత సుట్టు తిప్పి పంపుతాను. అది ఆలీసంగా ఎల్లి, జంట ఉన్నాదా సచ్చిందా అని సూసొస్తాది. ఎంత సుట్టు తిప్పితే అంత ఆలీసం. అలగ ఒక్కో గడియా సూడొచ్చు."

"బాగానే ఉన్నాది. ఒక్కసోటే ఎక్కువ జంటలు పుడితే?"

"ఒకదాన్నొకటి గుద్దుకుని సస్తాయి."

"మన ఈది కుళాయి కాడ లాగ."

నవ్వాను గానీ, ఆవిడ అన్నదాంట్లోనే నా పనంతా ఉంది. ఆ పొరకి పైనా కిందా బోరాన్ నైట్రైడ్ అనే ఇంకో రకం పొరలు పరిచి మూసేశాను. పొరని పొర మీద ముడత పడకుండా దించడం చేతకాక ఆ పొరలు పరిచే సిలికాన్ పలకలు ఎన్ని పాడు చేశానో నాకే తెలుసు. చివరికి కుదిరాక కొలిస్తే, జంటలు ఒకదాన్నొకటి చంపుకోవడం బాగా తగ్గింది. ఎక్కువ వెలుగు పోసినా ఎక్కువసేపు బతికున్నాయి. మేం వెతికినంతవరకు అలాంటి కొలత ఎక్కడా అచ్చులో కనబడలేదు. అమ్మకి అదీ చెప్పాను.

"అది నీకు ముందు ఎవులికీ తెల్దా?"

"మాకు తెలిసి లేదు."

"అయితే అది నీదే" అని అమ్మ మళ్ళీ నెత్తళ్ళ మీదకి వంగింది.

నిషేధం ఇంజను బోట్లకే కాబట్టి ఆ రోజుల్లో మా పేటకి తెడ్డు పడవే గతి. పడవలో పెద్దవల తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ దింపుతారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెచ్చి, పేటంతా చేరి లాగుతుంది. ఆడా మగా లేదు, తాడు పట్టినవాళ్ళందరికీ వాటా. ఆ వారంలో ఒకరోజు వల ఒడ్డెక్కాక పడవ గలాయన అప్పలసూరి మావ చేపల కుప్పని వాటాలు వేయించాడు. లక్ష్మీనరసమ్మ అని ముసలావిడ, మొగుడు పోయినావిడ, ఆవిడ వాటా మర్చిపోయారు. మర్చిపోయారో, ఆలస్యంగా వచ్చిందని ఎగ్గొట్టారో ఆ దేవుడికే ఎరుక. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. వచ్చి కుప్ప మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

మా పేటలో అది కట్టు. కుప్ప మీద చెయ్యి పడితే ఆ తగువు తేలేదాకా ఒక్క చేప కదలకూడదు. ఎండ నెత్తికెక్కినా, చేప మెత్తబడినా సరే. చెయ్యి తీయమని అడిగే హక్కు ఎవరికీ లేదు. కుప్ప చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరైతే వాళ్ళే పెద్దలు, వాళ్ళే తేల్చాలి. తేల్చాల్సిందీ ఒక్కటే: తాడు పట్టిందా, లేదా. కులం, గోత్రం, ఎవరి కూతురు, ఎవరి పడవ, ఇవేవీ అక్కడ అడగరు.

"అట్టుకున్నాది. నా ఎనకాలే ఉన్నాది" అన్నాడు ఎవరో. అంతే. అప్పలసూరి మావ తన వాటాలోంచే తీసి ఆవిడ గంపలో వేశాడు. ఆవిడ చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయింది.

నేను రాజాం తిరిగి వెళ్ళేసరికి ఏసీ బాగయింది. నా గైడు నరసింగరావు గారు నన్ను గదికి పిలిపించారు. మనిషి మెత్తగా మాట్లాడతారు. ఎవరినీ గట్టిగా కసిరి ఎరగరు. అంత మెత్తగా మాట్లాడుతూనే మనిషిని నిలువునా కోస్తారని ఆ రోజే నాకు తెలిసింది.

"కూర్చో దేవీ. పేపరు రెడీ అయింది. పంపించేస్తున్నాం" అని లాప్‌టాప్ నా వైపు తిప్పారు.

మొదటి పేరు వినోద్‌ది. కాలేజీ కరస్పాండెంట్ గారి అల్లుడికి తమ్ముడు. మా డిపార్ట్‌మెంట్‌లోనే లెక్చరరు. తర్వాత డీన్ గారి పేరు. చివర నరసింగరావు గారు. నా పేరు కోసం కిందికి జరుపుకుంటూ పోయాను. బొమ్మలన్నీ నేను గీసినవే. అంకెలన్నీ నేను తీసినవే. అన్నీ దాటాక, కృతజ్ఞతల్లో, లేజరు మరమ్మతు చేసిన కంపెనీకీ గ్రాంటు ఇచ్చిన శాఖకీ మధ్య ఉంది: పలకల తయారీలో సాయం చేసినందుకు ఎం. దేవికి ధన్యవాదాలు.

"సార్, కొలతలు కూడా నేనే కదా చేశాను."

"మెషిన్ కొలిచింది. నువ్వు నడిపావు."

"పైనా కిందా పొర మూసి చూద్దామన్నదీ నేనే సార్. అప్పుడు మీరు టైం వేస్టన్నారు."

"రీసెర్చన్నాక డిస్కషన్లో అనేక మాటలు వస్తాయమ్మా. ఎవరేమన్నారో ఎవరికి గుర్తుంటుంది?"

"వినోద్ గారు ఆ గదిలోకి ఫొటో దిగడానికే వచ్చారు సార్."

ఆయన నవ్వారు. "ఆ లేజరు ఇక్కడికెలా వచ్చిందనుకున్నావు? కరస్పాండెంట్ గారు ఢిల్లీ చుట్టూ తిరిగితే వచ్చింది. వినోద్‌కి ఈ ఏడు ప్రమోషను. నీకేం తొందర? నీ థీసిస్ ఎక్కడికీ పోదు. వచ్చే పేపర్లో నీ సంగతి చూద్దాం." పైగా అభిమానంగానే అన్నారు. "అయినా మీవాళ్ళలో ఇంతవరకు వచ్చావంటే అదే చాలా గొప్ప విషయం."

మీవాళ్ళలో. పలక మీద పొర దించేటప్పుడు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నది మా వాళ్ళ పిల్లే. కళ్ళు మంటలెక్కేదాకా మైక్రోస్కోపులో ఆ ఒక్క పొర లేత నీడ కోసం వెతికింది మా వాళ్ళ పిల్లే. అప్పుడు మాత్రం మీవాళ్ళూ మావాళ్ళూ అడ్డు రాలేదు. అచ్చు పడే వేళకి వచ్చాయి. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు.

థీసిస్ మీద ఆయన సంతకం పడితే గాని నాకు పట్టా లేదు. కాబట్టి నోరు మూసుకున్నాను.

"ఇంకోటి. శుక్రవారం గ్రాంటు కమిటీ వస్తోంది. లైవ్‌లో కొలత చూపించాలి. పొద్దున్నే వచ్చి అలైన్ చేసి పెట్టేసి హాస్టల్‌కి వెళ్ళిపో. చూపించడం వినోద్ చూసుకుంటాడు."

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చేశాను. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"తాడట్టుకున్నావా, లేదా?"

"అట్టుకున్నానమ్మా."

"సరే" అని ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం పొద్దున్నే లేబ్‌కి వెళ్ళి అలైన్ చేశాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పెద్ద ఇనప బల్ల, దాని మీద ఎక్కడికక్కడ చిన్న చిన్న అద్దాలు. లేజరు వెలుగు రెండుగా చీలి, ఒకటి తిన్నగా, ఒకటి చిన్న ఇనప పట్టా మీద ముందుకీ వెనక్కీ జరిగే అద్దం తాకి చుట్టు తిరిగి, రెండూ వెంట్రుక కన్నా సన్నని చోట కలవాలి. చోటు కలిస్తే చాలదు, వేళ కూడా కలవాలి. ఒక్క అద్దం వీసమెత్తు తిరిగినా చూడ్డానికి జంట ఉండదు, కొలవడానికి కొలతుండదు. కుదిర్చి, కంప్యూటర్లో గీత సరిగా పడుతోందని చూసుకుని, వెలుగు బయటికి రాకుండా లేజరు మూతికి మూత దించి, తలుపు దగ్గరికి వచ్చాను. ఎదురుగా అమ్మ.

నెత్తి మీద గంప లేదు. పండక్కి కట్టే చీర కట్టుకుంది. కూతురికి కూర తెచ్చానని వాచ్‌మన్‌కి చెప్పిందట. నా పక్కనుంచి లోపలికి నడిచి, చెప్పులు విడిచి, బల్ల ముందు నిలబడింది.

"ఇదేనేటి నీ పని?"

"ముట్టుకోకమ్మా."

ఆ మాట పూర్తికాకముందే చెయ్యి పెట్టేసింది. బల్ల మీద ఇంకెక్కడ పెట్టినా పర్వాలేకపోను. పట్టా మీది అద్దం మీద పెట్టింది, అరచెయ్యంతా ఆనించి, బరువుగా. అద్దం తిరిగిపోవడం నా కళ్ళతో చూశాను. నాకు నిజంగానే కోపం వచ్చింది. గీత పడడానికి నేను పడిన పాట్లు ఆవిడకేం తెలుసు?

వినోద్ పరిగెత్తుకొచ్చాడు. వెనకే నరసింగరావు గారు.

"ఏయ్, ఎవరు నువ్వు? చెయ్యి తీయ్" అన్నాడు వినోద్.

"తీస్తాను బాబూ. వాటా తేల్చండి. తేల్చాక తీస్తాను" అంది అమ్మ.

"ఏం వాటా?"

"నా గుంట తాడట్టుకున్నాది. పేరు ఎయ్యలేదంట."

నరసింగరావు గారు ఏదో అనబోతుండగా బయట బూట్ల చప్పుడైంది. కమిటీ వాళ్ళు బూట్లకి నీలం తొడుగులు తొడుక్కుని లోపలికి వచ్చారు. వాళ్ళకి పెద్ద జగన్నాధం గారు. హైదరాబాదులో సైంటిస్టుగా చేసి రిటైరైన మనిషి, నెరిసిన జుట్టు. అమ్మని చూసి ఆగిపోయారు.

"ఈవిడెవరు?"

"కొత్త స్వీపరు సార్. తెలీక ముట్టుకుంది" అన్నారు నరసింగరావు గారు.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట ఆయన నోటికి. స్వీపరుగా ఉంటే తక్కువని కాదు. నా తల్లిని నా ముందే ఆయన అబద్ధంలో కలిపేశారు, నేను ఒప్పుకుంటానన్న ధీమాతో.

"సీపరుని కాదు బాబూ. ఈ గుంట తల్లిని" అంది అమ్మ జగన్నాధం గారితో. "మా పేటలో కుప్ప మీద సెయ్యి పడితే సుట్టూ ఉన్నోలే పెద్దలు. ఇప్పుడు మీరే పెద్దలు. దీన్ని సేసింది నా కూతురా, ఈ బాబా? అడిగి తేల్చండి. నా కూతురు కాదంటే ఇప్పుడే సెయ్యి తీసి, దండం పెట్టి ఎల్లిపోతాను."

జగన్నాధం గారు అమ్మ చేతిని చూశారు. తర్వాత వినోద్ వైపు తిరిగారు.

"ఈ పొర తీసిందెవరు?"

వినోద్ నరసింగరావు గారి వైపు చూశాడు.

"టీమ్ వర్క్ సార్" అన్నారు నరసింగరావు గారు.

"అద్దం కదిలినట్టుంది. సర్దగలవా?" అని మళ్ళీ వినోద్‌నే అడిగారు. వినోద్ బల్ల మీదికి వంగి, ఏ మర పట్టుకోవాలో తోచక, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

నరసింగరావు గారు అదే మెత్తని గొంతుతో నాతో అన్నారు. "దేవీ, మీ అమ్మని బయటికి తీసుకెళ్ళమ్మా. వచ్చి అలైన్ చెయ్యి. నీ విషయం తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం."

అందరూ నా వైపే చూస్తున్నారు. అమ్మ తప్ప. ఆవిడ తన చేతిని చూసుకుంటోంది. నేను బల్ల దగ్గరికి వెళ్ళి ఆ చేతి పక్కన నా చెయ్యి పెట్టి నిలబడ్డాను.

జగన్నాధం గారు గడియారం చూసుకున్నారు.

"ఇది మీ కాలేజీ అంతర్గత విషయంలా ఉంది. మిగతాది భోజనం తర్వాత చూద్దాం" అన్నారు.

ఆయనకి అర్థమైంది. అర్థం కాలేదంటే నేను ఒప్పుకోను. ఆయన ముఖంలో చూశాను. అర్థం కానివాళ్ళని నేనెప్పుడో క్షమించాను. అర్థమయ్యీ భోజనానికి వెళ్ళిన మనిషిని మాత్రం క్షమించలేదు.

వాళ్ళు వెళ్ళాక ఇద్దరు సెక్యూరిటీ ఆడవాళ్ళొచ్చి అమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. మా పేటలో తప్పతాగినవాడు కూడా అంత పని చెయ్యడు. అమ్మ పెనుగులాడలేదు. వాళ్ళ ముఖాలకేసి వింతగా చూసింది, అంతే. తేలకుండానే చెయ్యి తీయించేవాళ్ళు ఉంటారని ఆవిడకి అంతవరకు తెలియదు.

ఆ సాయంత్రానికి నా హాస్టల్ గది ఖాళీ చేయించారు. విలువైన పరికరం ధ్వంసం చేయడానికి బయటివాళ్ళని తీసుకొచ్చానని నా మీద నేరం. విచారణ తేలేదాకా లేబ్‌లో అడుగు పెట్టకూడదు. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడమంటే ఇదే. కొల్లగొట్టింది వాళ్ళు, నేరం మోసింది మేము.

ఇంట్లో నాన్న అమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"లోకమంతా మన పేటనుకున్నావేటే? గుంట నాలుగేల్లు కట్టపడ్డాది. ఒక్క పూటలో సేతులారా ముంచీసావు."

"నాను ముంచలేదు. ఆల్లు ముంచారు" అంది అమ్మ.

"నువ్వూరుకుంటే పట్టా అయినా వచ్చేది."

అమ్మ లేచి వాకిట్లోకి పోయింది. నాకూ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది, ఎందుకంటే నాన్న అన్నదాంట్లో అబద్ధం లేదు. న్యాయం అడిగితే నష్టపోతామని, అడక్కపోతే ఎంగిలి మెతుకులు దొరుకుతాయని మా నాన్న లాంటి మంచివాడి చేత కూడా అనిపించిన వాళ్ళని ఏమనాలి?

అమ్మ గంప ఎత్తడం మానేసింది. వాకిట్లో కూర్చుని ఇసకలో వేలితో గీతలు గీసేది. ఒక పొద్దున లేచి, శ్రీకాకుళంలో పెద్దమ్మని చూసొస్తానని వెళ్ళింది. పొద్దుగూకే వేళకి తిరిగొచ్చింది. నా పక్కన కూర్చుని తల నిమిరింది.

"నీ పేరొస్తాదిలే అమ్మడూ."

"ఎలగ వస్తాది?"

"వస్తాదిలే. ఇంకేటీ అడక్కు."

కూర్మనాథుడికి మొక్కుకుని వచ్చిందనుకున్నాను.

నిషేధం ముగిసింది. బోట్లు సముద్రంలోకి వెళ్ళాయి. అమ్మ మళ్ళీ గంప ఎత్తింది. నడకలో కాస్త హుషారొచ్చింది. కాలేజీ నుంచి ఫోన్ వచ్చిందా అని రోజూ అడిగేది. రాలేదు. వానలు మొదలయ్యాక ఒకరోజు హాస్టల్లో నా జూనియరు ఉష ఆ పేపరు ఫోనుకి పంపింది. అక్కా, అచ్చయింది, చూడు అని మాత్రమే రాసింది. అమ్మ పక్కనే ఉంది.

"అదేనేటి? నీ పేరు సూపించు."

"లేదమ్మా."

"సరిగ్గా సూడు."

"సూసాను. ఎప్పటి లాగే కింద, సాయం సేసినందుకని ఉన్నాది. మీద లేదు."

అమ్మ ముఖం చూసి నాకు భయం వేసింది. ఏడ్చి ఉంటే భయపడేదాన్ని కాదు.

"రాస్తానన్నాడు" అంది.

"ఎవరమ్మా?"

"మీ సారు. ఆడి ఇంటికెల్లాను. పెద్దమ్మ కాడికి కాదు. గుమ్మం బయట కూకోబెట్టాడు. కాళ్లట్టుకున్నాను. తప్పు నా సేతిది, గుంటది కాదు, దాని పేరు ఎయ్యండి బాబూ అన్నాను. సరేలే అమ్మా, లెగు, రాస్తానులే అన్నాడు. ఆడి పెళ్ళాం కూడా ఇన్నాది."

పాకలో వల అల్లుతున్న నాన్న చేతులు ఆగిపోయాయి.

"పేరు పోతే మల్లీ సంపాదించుకుంటావు నువ్వు. సదూకున్నదానివి" అంది అమ్మ. "నాను ఒంచిన నడుం ఎవుడిస్తాడే ఎనక్కి?"

నాకు అంత కోపం అంతకుముందు రాలేదు, తర్వాతా రాలేదు. నా పని తీసుకున్నారు, సరే. ఇది చాలదన్నట్టు, ఇవ్వనిదానికి నా తల్లి చేత కాళ్ళు పట్టించుకున్నారు. పట్టుకోనిచ్చి, లేవమని, రాస్తానని చెప్పి, తలుపేసుకుని, రాయలేదు. ఆ మాట చెప్పిన క్షణంలోనైనా ఆయనకి రాసే ఉద్దేశం ఉందా? గుమ్మం దగ్గరనుంచి మనిషి కదిలిపోతే చాలనుకున్నారా? ఇప్పటికీ అడగాలనే ఉంది.

మర్నాడు శ్రీకాకుళం వెళ్ళి నెట్ సెంటర్లో కూర్చున్నాను. ఆ పేపరు అచ్చేసిన పత్రిక సంపాదకులకి రాశాను. పలకల ఫొటోలు, ముడి కొలతలు, చెడిపోయిన కొలతలతో సహా, అన్నీ నా దగ్గర ఉన్నవే, పంపాను. నాన్న వద్దనలేదు. పైగా బస్సు దాకా తోడొచ్చాడు. స్నేహితులు మాత్రం వద్దన్నారు. గైడు మీద ఫిర్యాదు చేసినదాన్ని దేశంలో ఇంకెవరూ చేర్చుకోరన్నారు. చాలామంది చేర్చుకోలేదు కూడా. ఎన్నో ఇంటర్వ్యూల్లో పాత గైడు ఉత్తరం ఏదని అడిగారు. లేదన్నాను. చివరికి చాలా దూరంలో ఒక లేబ్‌లో చోటు దొరికింది. అక్కడ మళ్ళీ మొదటి ఏడాది విద్యార్థినిగా, మళ్ళీ టేపు పీకడం దగ్గర మొదలుపెట్టాను.

కాలేజీ వాళ్ళు సంపాదకులకి జవాబిచ్చారట, దేవి సాంకేతిక సహాయకురాలు మాత్రమేనని. సంపాదకులు వదల్లేదు. రెండు వెలుగులూ ఒకే వేళకి పడుతున్నాయని ఎలా తేల్చారో, పలక పలకకీ తేడా ఎందుకొచ్చిందో పేపర్లో మొదటి పేరు గల ఆయన్ని రాసివ్వమన్నారు. రాసిచ్చిన దాంట్లో ఏముందో నాకు తెలీదు. ఏడాది దాటాక సవరణ పడింది. నా పేరు చేర్చారు. వినోద్ తర్వాత, డీన్ తర్వాత, మూడోది. లేజరు గది తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియని డీన్ గారి వెనకాల. వినోద్‌కి ప్రమోషన్ అప్పటికే వచ్చేసింది. నరసింగరావు గారు ఇప్పుడు డైరెక్టరు.

ఈలోగా అమ్మలో ఒక మార్పు వచ్చింది. మా చిన్నాన్న కూతురి పెళ్ళిలో పెద్దల కాళ్ళకి మొక్కే వేళ అందరూ వంగుతుంటే, అమ్మ చేతులు కట్టుకుని పక్కకి వచ్చి నిలబడింది. పెళ్ళికూతురు తన కాళ్ళకి మొక్కడానికి వస్తే భుజాలు పట్టి లేపేసింది. బంధువులు పొగరన్నారు.

సవరణ పడిన వారం నేను ఇంటికి వచ్చాను. అమ్మ అప్పుడే గంప దించి కాళ్ళు కడుక్కుంటోంది.

"పేరొచ్చిందమ్మా" అన్నాను.

చెంబు పక్కన పెట్టింది. చేతులు తుడుచుకోకుండానే నా దగ్గరికి వచ్చి, ఫోను వైపు చూడకుండా నా ముఖంలోకి చూసింది.

"ఎవుడి కాళ్లట్టుకున్నావు?"

"ఎవుడివీ లేదు."

"నిజిమేనా?"

"నిజిమేనమ్మా. ఎవుడివీ లేదు."

అమ్మ తల ఊపి, తడి చేతులు చీర కుచ్చెళ్ళకి రెండు వైపులా బాగా తుడుచుకుంది.

"అయితే సూపించు" అంది.